హార్పర్స్ ఫెర్రీ ఫలకాలలో ఏది నిజం, ఆ రాయిని ఎందుకు తీసేయలేదు?

మీ ప్రశ్నలో రెండు విషయాలు ఉన్నాయి. ఆష్‌బర్న్ నుంచి కుటుంబంతో హార్పర్స్ ఫెర్రీ చూడటానికి వెళ్ళినప్పుడు పొటామక్ వీధిలో ఒక పెద్ద రాయి, బానిసత్వం మీద తిరగబడిన జాన్ బ్రౌన్ మనుషులను హంతకులుగా చూపించిందని, అక్కడికి నాలుగు అడుగుల దూరంలోనే ఒక ఇటుకల భవనానికి బిగించిన ఫలకం అదే మనుషులను వీరులుగా పొగిడిందని, ఈ రెండింటిలో ఏది నిజమని ఏడో తరగతి చదువుతున్న మీ అబ్బాయి అడిగాడని రాశారు. అంత వివాదం ఉన్న రాయిని ప్రభుత్వం ఎందుకు తీసేయలేదన్నది మీ రెండో ప్రశ్న. నేను ఈ ప్రాంతంలో చాలాకాలంగా ఉంటున్నాను. స్థానిక చరిత్ర మీద ఆసక్తితో మన తెలుగు కుటుంబాలకు ఆ ఊరు చూపిస్తూ వస్తున్నాను. ఫలకాలను వదిలేసి నదుల సంగమం దగ్గర ఫోటోలు దిగి వెళ్ళిపోయేవారే ఎక్కువ కాబట్టి, మీ అబ్బాయి అడిగిన ప్రశ్న నాకు ఎంతో సంతోషం కలిగించింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట సూటిగా జవాబు చెబుతాను. ఆ రెండు ఫలకాలూ 1859లో బ్రౌన్ చేసిన దాడి గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తాయి కానీ, ఒకటి 1931 నాటి మాట, రెండోది 1918 నాటి మాట. చరిత్ర ఫలకాన్ని చదవడం ఎప్పుడూ కింది నుంచి మొదలుపెట్టాలి. ముందు దాన్ని ఎవరు పెట్టారో, ఏ సంవత్సరంలో పెట్టారో చూసి, ఆ తరువాతే పైనున్న విషయం చదవాలి. మన దేవాలయాలలో శాసనం చదివేవారు దానం వివరాలను నమ్మినంతగా దానం చేసిన రాజు ప్రశస్తిని నమ్మరు కదా, ఇక్కడ కూడా అంతే జాగ్రత్త అవసరం. తేదీలు, పేర్లు చాలావరకు సరిగానే ఉంటాయి. వాటిని ఏ వరుసలో పేర్చారు, దేన్ని చెప్పకుండా వదిలేశారు అన్నచోటే పెట్టినవారి ఉద్దేశం బయటపడుతుంది.

ఊరి నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. పొటామక్, షెనన్‌డోవా నదులు బ్లూ రిడ్జ్ కొండలను చీల్చుకుంటూ కలిసేచోట ఉన్న ఈ ఊళ్ళో, 2020 జనాభా లెక్కల ప్రకారం మూడు వందల మంది కూడా లేరు. 18వ శతాబ్దం మధ్యలో రాబర్ట్ హార్పర్ అనే వ్యక్తి ఇక్కడ పడవ రేవు నడిపాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. నీటి బలం చూసి జార్జ్ వాషింగ్టన్ ఈ స్థలాన్ని ప్రభుత్వ ఆయుధ కర్మాగారానికి ఎంపిక చేయగా, 1801 నుంచి 1861 వరకు ఇక్కడ ఆరు లక్షలకు పైగా తుపాకులు తయారయ్యాయి. ఆ ఆయుధాలను చేజిక్కించుకుని బానిసలకు పంచి విముక్తి పోరాటం మొదలుపెట్టాలన్న ఆలోచనతో జాన్ బ్రౌన్ 21 మంది అనుచరులతో 1859 అక్టోబర్ 16 రాత్రి ఊళ్ళోకి వచ్చాడు. అక్టోబర్ 18 ఉదయం రాబర్ట్ ఇ. లీ ఆధ్వర్యంలోని మెరైన్ సైనికులు, కర్మాగారపు అగ్నిమాపక యంత్రాల గదిలో చిక్కుకుపోయిన బ్రౌన్‌ను పట్టుకున్నారు. డిసెంబర్ 2న అతన్ని ఉరితీశారు. అప్పటికి ఇది వర్జీనియా. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం ఏర్పడింది 1863లో.

ఇప్పుడు ఆ రాయి సంగతి. దాని మీద పేరున్న హేవర్డ్ షెపర్డ్ బానిస కాదు. ఆయన స్వేచ్ఛ పొందిన నల్లజాతీయుడు. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే స్టేషన్‌లో ప్రయాణికుల సామాన్లు చూసే ఉద్యోగం చేసేవారు. ఇల్లు, భార్యాబిడ్డలు వించెస్టర్‌లో ఉండేవారు. ఆ రాత్రి అర్ధరాత్రి దాటాక వంతెన మీద కాపలావాడు కనిపించకపోవడంతో ఏమైందో చూద్దామని వెళ్ళిన ఆయనను బ్రౌన్ మనుషులు ఆగమన్నారు. ఆయన వెనుదిరగగానే కాల్చారు. మరునాడు మధ్యాహ్నానికి ఆయన ప్రాణం పోయింది. బానిసల విముక్తి కోసం వచ్చినవారి చేతుల్లో ముందుగా చనిపోయింది ఒక నల్లజాతి కార్మికుడే అన్నది కాదనలేని నిజం. జాన్ బ్రౌన్‌ను అభిమానించేవారు కూడా దాన్ని దాటవేయకూడదని నా అభిప్రాయం. షెపర్డ్ పైఅధికారి, ఊరి మేయర్ కూడా అయిన ఫాంటెయిన్ బెక్‌హామ్ ఆ మరణంతో కలత చెంది మరునాడు బయట తిరుగుతూ కాల్పుల్లో చనిపోయారు. తన మరణానంతరం ఒక బానిస కుటుంబానికి స్వేచ్ఛ లభించేలా ఆయన ముందే వీలునామా రాసి ఉంచారు. ఆ రెండు రోజుల్లో మనుషులను మంచివారు, చెడ్డవారు అని రెండు వరుసలుగా నిలబెట్టడం ఎంత కష్టమో మీ అబ్బాయికి చెప్పాలంటే ఈ ఒక్క మేయర్ ఉదంతం చాలు.

రాయి మీది మాటలు నెమ్మదిగా చదవండి. మొదటి వాక్యం షెపర్డ్‌ను కష్టపడి పనిచేసే, అందరి గౌరవం పొందిన స్వేచ్ఛాపరుడిగా పరిచయం చేసి, బ్రౌన్ దాడిదారుల చేతుల్లో ప్రాణాంతకంగా గాయపడ్డారని చెబుతుంది. రెండోది, రైల్వే ఉద్యోగిగా తన విధి నిర్వహిస్తూ ఆ తిరుగుబాటు ప్రయత్నానికి తొలి బలి అయ్యారంటుంది. ఇంతవరకు తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. మూడో వాక్యంలోనే రాయి దారి మారుతుంది. ఆ తరువాత వచ్చిన అంతర్యుద్ధ కాలంలో ఎన్ని ప్రలోభాలు ఎదురైనా మచ్చ తెచ్చుకోకుండా నడుచుకున్న వేలాదిమంది నల్లవారి శీలానికి, విశ్వాసానికి షెపర్డ్ ఉదాహరణ అని, అది రెండు జాతులలోని ఉత్తమ గుణానికి శాశ్వతమైన నివాళి అని అక్కడ చెక్కి ఉంది. ఇక్కడ ప్రలోభం అన్నది దేన్ని అని అడగాలి. అది పారిపోవడం, తిరగబడడం, దక్షిణాదితో పోరాడుతున్న ఉత్తరాదివారి యూనియన్ సైన్యంలో చేరడం, అంటే స్వేచ్ఛ కోరుకోవడమే. యజమానిని విడిచిపెట్టకపోవడాన్ని ఆ రాయి సద్గుణంగా లెక్కగట్టింది. అలా లెక్కగట్టడానికి తన జీతం తాను సంపాదించుకుంటూ, తన కుటుంబాన్ని తాను పోషించుకుంటూ బతికిన ఒక స్వేచ్ఛాపరుడి మరణాన్ని వాడుకుంది. షెపర్డ్ ఏమి నమ్మేవారో, బానిసత్వం గురించి ఏమనుకునేవారో చెప్పే ఆయన మాట ఒక్కటైనా ఆ రాతి మీద లేదు. యుద్ధంలో దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు యూనియన్ సైన్యంలో పనిచేశారన్న సంగతి కూడా లేదు.

ఇక అడుగు భాగం చూడండి. రాయిని నిలబెట్టింది యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ, సన్స్ ఆఫ్ కాన్ఫెడరేట్ వెటరన్స్ అనే సంఘాలు. యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోవడానికి పోరాడిన దక్షిణాది పక్షపు వారసుల సంఘాలవి. బానిసలు యజమానులను ప్రేమించారని, ఆ వ్యవస్థ దయగలదని చెప్పే విశ్వాసపాత్రులైన బానిసల స్మారకాలను నెలకొల్పాలన్నది ఆ రోజుల్లో వారి కార్యక్రమం. ఈ రాయి ఆలోచన 1920లో మొదలై, స్థలం విషయంలో, మాటల విషయంలో సందేహాలతో దశాబ్దం పాటు నలిగి, 1931 అక్టోబర్ 10న ఆవిష్కరణ జరిగింది. దక్షిణాదిలో నల్లజాతివారికి ఓటు లేని, రైలులో పక్కన కూర్చునే హక్కు లేని కాలమది. ఆ రాతి మాటలు నిజానికి 1931 నాటి నల్లజాతీయులకు చేసిన హితబోధ అని నేను అనుకుంటున్నాను.

ఆ సభలో జరిగిన ఒక సంఘటనను మీ అబ్బాయికి తప్పక చెప్పండి. ఊళ్ళో కొండ మీద స్టోరర్ కళాశాల ఉండేది. విముక్తి పొందిన నల్లజాతీయుల చదువు కోసం 1867లో మొదలైన సంస్థ అది. దాని శ్వేతజాతి అధ్యక్షుడు హెన్రీ మెక్‌డొనాల్డ్ ఆవిష్కరణ సభలో పాలుపంచుకున్నారు. కళాశాల గాయకులను పాటకు పిలిచారు. వారిని నడిపించే సంగీత ఉపాధ్యాయిని పెర్ల్ టాటెన్, నల్లజాతి మహిళ, పాటకు ముందు లేచి, తాను యూనియన్ సైన్యపు నీలిరంగు దుస్తులు ధరించి తన జాతి స్వేచ్ఛ కోసం పోరాడిన కనెటికట్ సైనికుడి కూతురినని, ఆ స్వేచ్ఛ కోసం మొదటి దెబ్బ కొట్టింది జాన్ బ్రౌనేనని నిండు సభలో చెప్పారు. పైనుంచి కింది వరకు కాన్ఫెడరేట్ సంఘాల పెద్దలు కూర్చున్న వేదిక ముందు, తన ఉద్యోగం ఎవరి దయ మీద ఆధారపడి ఉందో తెలిసి కూడా ఆమె ఆ మాట అన్నారు. ఆ ఊరి చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

మరుసటి సంవత్సరం, 1932లో, నల్లజాతీయుల హక్కుల కోసం పనిచేసే ఎన్.ఏ.ఏ.సి.పి. సంస్థ, నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ రాసిన మాటలతో జవాబుగా ఒక ఫలకం చేయించి తెచ్చింది. ఇక్కడ జాన్ బ్రౌన్ బానిసత్వం మీద కొట్టిన దెబ్బ నేరం మోస్తున్న దేశాన్ని మేల్కొల్పిందని, అతని దేహం మీదుగా రెండు లక్షల నల్లజాతి సైనికులు, నలభై లక్షల విముక్తులు పాడుతూ నడిచారని దాని భావం. ఆ మాటలు మరీ తీవ్రంగా ఉన్నాయని స్టోరర్ కళాశాల పెద్దలు దాన్ని తమ ఆవరణలో పెట్టడానికి ఒప్పుకోలేదు. ఫలకం వెనక్కి వెళ్ళిపోయింది. చివరికి 2006లో గానీ అది కళాశాల పాత ఆవరణలో, బ్రౌన్ చిక్కుకుపోయిన ఆ అగ్నిమాపక గది (జాన్ బ్రౌన్ కోట) ఒకప్పుడు నిలిచిన చోట, స్థానం సంపాదించుకోలేకపోయింది. మీరు దిగువ పట్టణం మాత్రమే చూసి వచ్చేశారు కాబట్టి దీన్ని చూసి ఉండరు. మళ్ళీ వెళ్ళినప్పుడు రాతి మెట్లెక్కి, జెఫర్సన్ శిల మీదుగా క్యాంప్ హిల్ దాకా నడవండి. ఎక్కడం కొంచెం కష్టమే కానీ, పైనున్న ఆ ఫలకం చదవకపోతే కింది రాయితో జరిగిన వాదం సగమే విన్నట్టవుతుంది.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. ఆ రాయిని అసలు కదపలేదనుకోకండి. 1970లలో పక్కనున్న భవనాల మరమ్మతు సమయంలో ఆ చారిత్రక స్థలాన్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ దాన్ని తీసి దాచింది. 1981లో తిరిగి పెట్టింది కానీ, ఎవరైనా పాడుచేస్తారన్న భయంతో చెక్కపెట్టె మూసి ఉంచింది. దాదాపు 14 సంవత్సరాల పాటు వీధిలో అది మూసిన పెట్టెగానే ఉంది. 1995లో మూత తీసి, పక్కనే ఒక సమాచార ఫలకం పెట్టారు. అందులో షెపర్డ్ ఎవరో, రాయి ఎలా వచ్చిందో చెప్పి, మరో దృక్పథం అన్న శీర్షిక కింద డుబాయిస్ మాటలు ఇచ్చారు. తీసేయాలన్నవారికి, ఉన్నదున్నట్టు ఉంచాలన్నవారికి ఇద్దరికీ ఈ పరిష్కారం పూర్తిగా నచ్చలేదు. నాకు మాత్రం ఇది సరైన నిర్ణయమనే అనిపిస్తుంది. ఆ రాయి ఒక మ్యూజియం లాంటి పార్కు మధ్యలో ఉంది, ప్రశ్నించే ఫలకం పక్కనే ఉంది, అడిగితే చెప్పడానికి రేంజర్లు ఉన్నారు. చెక్కపెట్టెలో ఉన్నప్పుడు ఆ రాయి ఎవరికీ ఏమీ నేర్పలేదు. ఇప్పుడు మీ అబ్బాయి చేత ప్రశ్న అడిగించింది.

అయితే రెండోవైపు ఫలకాన్ని కూడా అంతే జాగ్రత్తగా చదవాలి. జాన్ బ్రౌన్ కోట అని పిలిచే ఆ ఇటుక భవనానికి ఉన్నది 1918లో స్టోరర్ పూర్వ విద్యార్థులు పెట్టిన ఫలకం. ఈ దేశం స్వేచ్ఛలో కొత్త పుట్టుక పొందడానికి, బానిసత్వం అమెరికా నేల నుంచి శాశ్వతంగా తొలగిపోవడానికి జాన్ బ్రౌన్, అతని 21 మంది మనుషులు తమ ప్రాణాలిచ్చారని అది చెబుతుంది. మీ అబ్బాయి చేత లెక్క వేయించండి. బ్రౌన్‌తో కలిపి మొత్తం 22 మంది. వారిలో దాడి సమయంలో చనిపోయినవారు, ఆ గాయాలతో మరణించినవారు 10 మంది. తరువాత ఉరికంబం ఎక్కినవారు, బ్రౌన్‌తో సహా, 7 మంది. మిగిలిన 5 మంది తప్పించుకున్నారు. అంటే అందరూ ప్రాణాలివ్వలేదు. తప్పించుకున్నవారిలో బ్రౌన్ కుమారుడు ఓవెన్ ఉన్నాడు. దళంలోని ఐదుగురు నల్లజాతీయులలో ప్రాణాలతో బయటపడిన ఒకే ఒక్కడు ఆస్బర్న్ పెర్రీ ఆండర్సన్ కూడా ఉన్నాడు. అతను 1861లో ఆ దాడి గురించి పుస్తకం ప్రచురించాడు. ఫలకం రాసినవారు అబద్ధమాడాలనుకోలేదు. యాభై ఏళ్ళుగా గుండెల్లో దాచుకున్న కృతజ్ఞత లెక్కను చిన్నగా సవరించింది, అంతే. కానీ ఆ సవరణలో తన కళ్ళతో చూసి రాసిన ఆండర్సన్ మరుగునపడిపోయాడు. ప్రేమతో పెట్టిన ఫలకం కూడా కొందరిని వదిలేస్తుందని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ భవనం కూడా దాని అసలు స్థానంలో లేదు. 1848లో కట్టిన ఈ అగ్నిమాపక గదిని 1891లో విప్పి షికాగో తీసుకువెళ్ళారు. 1893 ప్రపంచ ప్రదర్శన సమయంలో అక్కడ చూపిస్తే పది రోజుల్లో 11 మంది మాత్రమే వచ్చారట. 1895లో పత్రికా రచయిత్రి కేట్ ఫీల్డ్ పూనికతో తిరిగి తెచ్చి ఊరికి కాస్త దూరంలోని మర్ఫీ కుటుంబపు పొలంలో కట్టారు. 1909లో స్టోరర్ కళాశాల కొని తన ఆవరణకు మార్చింది. 1968లో పార్కు వారు దిగువ పట్టణానికి తెచ్చారు. అప్పటికే అసలు స్థలాన్ని రైలు కట్ట కప్పేసింది కాబట్టి అక్కడికి సుమారు 150 అడుగుల దూరంలో నిలబెట్టారు. అసలు చోటును చూపేది కట్ట మీది చిన్న రాతి స్తంభం. భవనాన్ని చూసిన ప్రతివారూ ఆ స్తంభం దగ్గరికి కూడా వెళ్ళాలని కోరుతాను. 1906 ఆగస్టులో నయాగరా ఉద్యమ సభ్యులు, అంటే డుబాయిస్ నాయకత్వంలో పౌరహక్కుల కోసం కూడిన తొలితరం నల్లజాతి మేధావులు, స్టోరర్‌లో సమావేశమై ఒక తెల్లవారుజామున మర్ఫీ పొలంలోని ఈ భవనానికి చెప్పులు, మేజోళ్ళు విప్పి నడిచి వెళ్ళారు. పుణ్యక్షేత్రానికి చెప్పుల్లేకుండా వెళ్ళే అలవాటు ఉన్న మనకు ఆ నడక అర్థం వివరించనక్కరలేదు. ఆ పొలంలో పునాది రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడికి నడక దారి ఉంది.

దిగువ పట్టణంలో ఇంకొన్ని గుర్తులున్నాయి. 1862 సెప్టెంబర్‌లో దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ దాదాపు 12,500 మంది యూనియన్ సైనికులను బందీలుగా పట్టుకున్న ఘటనకు యుద్ధ శాఖ పెట్టిన ఇనుప పలకలు సైనిక కదలికల మీద ఆసక్తి ఉన్నవారికి ఉపయోగపడతాయి, మిగతావారు వదిలేసినా నష్టం లేదు. వరద మట్టాల గుర్తులను మాత్రం వదలకండి. ఒక భవనపు మూల మీద ఒకదానిపై ఒకటిగా 1889, 1924, 1936, 1942, 1972, 1985, 1996 అని సంవత్సరాలు రాసి ఉన్నాయి. వీటిలో అన్నిటికంటే పైనున్నది 1936 మార్చి నాటిది, 36.5 అడుగులు. 1889 నాటిది పెన్సిల్వేనియాలో జాన్స్‌టౌన్‌ను తుడిచిపెట్టిన అదే తుఫాను వర్షాల ఫలితం. 1996లో వరద రెండుసార్లు వచ్చింది. యుద్ధంలో కర్మాగారం కాలిపోయాక ఈ ఊరు ఎందుకు తిరిగి కోలుకోలేదో ఆ గుర్తుల వరుస చెబుతుంది. 1944లో ప్రభుత్వం జాతీయ స్మారక స్థలంగా ప్రకటించే నాటికి దిగువ వీధి చాలావరకు ఖాళీ అయిపోయింది.

మీకు మరో సగం రోజు వీలుంటే పది మైళ్ళ లోపే ఉన్న చార్లెస్ టౌన్‌కు వెళ్ళండి. జార్జ్ వాషింగ్టన్ తమ్ముడు చార్లెస్ 1786లో వేయించిన నగరమది. వీధులకు జార్జ్, శామ్యూల్, లారెన్స్, మిల్డ్రెడ్ అని ఆ కుటుంబసభ్యుల పేర్లే ఉన్నాయి. అదే ఊళ్ళో 1812లో పుట్టిన మార్టిన్ డెలానీ తరువాత యూనియన్ సైన్యంలో మేజర్ హోదా పొందిన తొలి నల్లజాతీయుడయ్యాడు. పిల్లలకు చదువు నేర్పినందుకు చట్టం వెంటపడితే అతని తల్లి వారిని తీసుకుని పెన్సిల్వేనియా వెళ్ళిపోయింది. జాన్ బ్రౌన్‌ను విచారించిన జెఫర్సన్ కౌంటీ న్యాయస్థానం జార్జ్ వీధి మూలన ఉంది. 1921లో బ్లెయిర్ పర్వతం దగ్గర సాయుధంగా తిరగబడిన బొగ్గు గని కార్మికుల నాయకుడు బిల్ బ్లిజార్డ్‌ను 1922లో రాజద్రోహ నేరం మీద విచారించి నిర్దోషిగా విడుదల చేసింది కూడా ఈ న్యాయస్థానమే. వెస్ట్ వర్జీనియా చరిత్రలోని రెండు పెద్ద తిరుగుబాట్లు ఒకే న్యాయస్థానం వరకు వచ్చాయన్నమాట. ఉరితీసిన స్థలం దక్షిణ శామ్యూల్ వీధిలో ఒక ఇంటి ఆవరణలో ఉంది. అది ప్రైవేటు ఇల్లు కాబట్టి కాలిబాట మీద నిలబడే చూడాలి.

ఆ న్యాయస్థానం ద్వారం దగ్గర 1986లో కాన్ఫెడరేట్ సైనికుల గౌరవార్థం ఒక చిన్న ఫలకం పెట్టారు. 2017లో ఊరికి చెందిన కొందరు నల్లజాతి మహిళలు దాన్ని తీసేయమని కౌంటీ కమిషన్‌కు రాశారు. కమిషన్ మొదట ఒప్పుకోలేదు. ఎన్నికల్లో సభ్యులు మారాక 2018 డిసెంబర్‌లో తొలగించారు. హార్పర్స్ ఫెర్రీ రాయిని ఉంచాలన్న నేనే ఈ తొలగింపును పూర్తిగా సమర్థిస్తాను. ఇందులో వైరుధ్యం లేదు. పార్కులో రాయి పరిశీలన కోసం ఉంది. న్యాయస్థానం గుమ్మం దాటేవారు మాత్రం చరిత్ర పరిశీలించడానికి వెళ్ళరు, న్యాయం అడగడానికి వెళ్తారు. తమ పూర్వీకులను బానిసలుగా ఉంచడానికి పోరాడినవారిని సత్కరించే పలక కింద నుంచి ఎవరూ ఆ గుమ్మం దాటవలసిన అగత్యం ఉండకూడదు. తీసేయాలా, ఉంచాలా అని మీ అబ్బాయి అడిగితే, ఆ రాయి ఎక్కడ ఉంది, దాని పక్కన జవాబు ఉందా, దాని ముందు నుంచి తప్పనిసరిగా నడవవలసినవారు ఎవరు అన్న మూడు ప్రశ్నలు తిరిగి అడగండి. చార్లెస్ టౌన్ ద్వారం ముందు నిలబడి అడిగితే వాడే జవాబు చెప్పగలడు.